సుకుమార్ ఇవ్వని అనుమతి

నా కథలో ఆవగింజంత అబద్ధం దొరికితే మీసం గీయించుకుంటాను, వినండి.

చీకటి పడింది. తిరుపతి విమానాశ్రయం టవర్‌లో సుకుమార్ మైకు అందుకున్నాడు. చిత్తూరు వైపు నుంచి చిన్న విమానంలో ఒంటరిగా వస్తున్న కోమలి, తిరుపతి ఊరి మీదుగా రావడానికి అనుమతి అడుగుతోంది. అక్కడ కొండంచున ఉరుముల మేఘం కమ్ముకుని ఉంది.

“ఊరి మీదికి వద్దమ్మా. దక్షిణంగా చుట్టి రా.”

టవర్ చెప్పిన మాటను పైలట్ తిరిగి అప్పజెప్పాలి, అది పద్ధతి. కోమలి అప్పజెప్పింది. “ఊరి మీదుగా నేరుగా వస్తున్నాను సార్.”

“వద్దంటా ఉండాను కదమ్మా.”

“సరే సార్, నేరుగానే.”

పక్క కుర్చీలోని దయానంద్ నవ్వాడు. “నేరుగా రమ్మంటా ఉండేది నువ్వే కదప్పా. మళ్ళా దేనికి అట్ల వణకతావు?”

సుకుమార్ మైకు కింద పెట్టి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అయినా స్పీకరులో అతని గొంతే నిదానంగా పలికింది. “రామ్మా. దారి ఖాళీగా ఉండాది.”

అద్దాల అవతల ఒక చిన్న దీపం మేఘంలోకి దూరింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత చక్రాలు రన్‌వేను తాకాయి, కోమలి నవ్వుతూ దిగింది.

కత్తి తెండి, మీసం గీయించుకుంటాను. ఆ చక్రాలూ, ఆ నవ్వూ నేను కలిపినవి.