పరీక్షకు హాజరు కావలెను

“లైటు ఆర్పేయ్ మేస్త్రీ,” అంది పెద్దావిడ.

కర్టెన్లు ముందే వేసి ఉన్నాయి. గది చీకటైపోయింది. నర్సు చేతిలో పాలు నింపిన సిరంజి ఉంది. ఎదురుగా మంచం మీద ప్లాస్టిక్ బొమ్మ మనిషి, ఆ మనిషికి రెండు గొట్టాలు. ఒకటి ముక్కులోంచి కడుపులోకి, రెండోది చేతి నరంలోకి. పాలు ముక్కు గొట్టంలోకి ఎక్కించాలి. నరంలోకి పోతే మనిషి దక్కడు.

“ఊఁ, కానీ. పది లెక్కపెడతా.”

“చీకట్లోనా అండీ?”

“కరెంటు పోతే మీ వార్డులో వాళ్ళకి ఆకలి వేయదా? ఒకటి, రెండు...”

ఏడు దగ్గర సిరంజి బిగిసింది. లైటు వెలిగింది. పసుపు రంగు సిరంజి నీలం రంగు గొట్టానికి తగులుకుని ఉంది. నరానికి.

“భేష్,” అంటూ పెద్దావిడ గోడకున్న బోర్డు మీద ఇంటూ గుర్తు కొట్టింది. లేత్ మేస్త్రి సొంత బిడ్డ ఫెయిలైనట్టు తల పట్టుకున్నాడు.

నర్సు సిరంజి పీకి పక్కన పెట్టింది. మూడు వారాల కిందట, రెండు డ్యూటీలు వరసగా చేసిన రోజున, వార్డులో అచ్చం ఇదే తప్పు చేసింది. నొక్కబోతూ తనే చూసుకుని లాగేసింది. మంచం మీది తాతకి ఏమీ కాలేదు, మర్నాడు పేకాట కూడా ఆడాడు. ఎవరూ చూడలేదు. అయినా కాగితం తీసి తన తప్పు తానే రాసిచ్చింది. నిజం రాసినందుకు ఆసుపత్రి ఏం చేసింది? దుప్పట్లు మడతపెట్టే గదిలోకి తోసింది. తోటివాళ్ళు ‘తికమక’ అని పేరు పెట్టారు. మొన్న, ఆసుపత్రులకి సామాన్లు పంపే పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ‘పరీక్షకు హాజరు కావలెను’ అని. ఇది తప్పితే ఉద్యోగం ఊడినట్టే అనుకుంది.

పొద్దున ఆమెను ఇక్కడ దింపుతూ బస్సు డ్రైవరైన మొగుడు సణిగాడు. “ఎవరూ చూడనప్పుడు నోరు మూసుకోవాల్సిందే నువ్వు.”

“మూసుకుంటే రేపు ఇంకో పిల్ల చేతిలో ఇంకో తాత పోతాడు. బండి చూసి తోలు.”

“ఈసారి సెట్టు వేరు,” అని పెద్దావిడ ఇంకో సిరంజి అందించింది. దాని మీద ఎర్రటి అక్షరాలతో ‘పాలు’ అని రాసుంది. లైటు కూడా ఉంది. నర్సుకి ప్రాణం లేచొచ్చింది.

మూడు లెక్కపెట్టేసరికి ఫోను మోగింది. “సిస్టర్, బాత్రూం ఎటు?” అని మేస్త్రి అరిచాడు. “మీ పాప ఏ క్లాసు?” అని పెద్దావిడ చెవి దగ్గర అడిగింది.

“మూడో క్లా...”

నరానికే బిగిసింది.

“భేష్.”

“మీకు నవ్వులాటగా ఉందా అండీ?”

“లేదమ్మా. రెండు జతల గ్లవ్స్ వేసుకుని చేతులు తడుపుకో.”

లైటు మళ్ళీ ఆరింది. మూడో సిరంజికి మూతి కాస్త లావుగా ఉంది. నరం గొట్టంలో దూరనన్నది. నర్సు పళ్ళు బిగించి తోసింది. దూరింది. మళ్ళీ ఇంటూ.

“ఎంత గట్టిగా నొక్కావమ్మా?” అని మేస్త్రి దీనంగా అడిగాడు.

“ఎప్పుడూ నొక్కినట్టే. కొత్త సరుకు అంతా బిగువే మా దగ్గర.” ఆమెకి ఇక ఆగలేదు. “అసలు రెండు గొట్టాల మూతులూ ఒకే కొలత పెట్టిన మహానుభావుడెవరు? నిద్ర లేని మనిషి చేతికి అవిచ్చి, తప్పు నాదంటారా? ఆయన్ని పిలిచి నిలబెట్టండి ఇక్కడ, నా పక్కన.”

పెద్దావిడ పక్కనున్న పుస్తకం ముందుకి లాక్కుంది.

“ఆ మాట మళ్ళీ చెప్పు. మెల్లిగా. రాసుకుంటా,” అంది పెద్దావిడ.

మేస్త్రి భోజనం కూడా మానేసి సిరంజి పట్టుకుని పక్క షెడ్డులోకి పరిగెత్తాడు. రెండు గంటలపాటు లేత్ కీచుమంటూనే ఉంది. పెద్దావిడ తన టిఫిన్ డబ్బాలో సగం నర్సుకి పెట్టింది.

“ఇప్పుడేం ఇస్తారండీ?”

“ముందే చెబితే జాగ్రత్తపడతావు. తిను.”

మేస్త్రి వచ్చాడు. చొక్కా నిండా ప్లాస్టిక్ రజను. కొత్త సిరంజి మూతి చుట్టూ వెడల్పాటి గోడ లేచింది. దానికి సరిపడే మూతిని ముక్కు గొట్టానికీ బిగించాడు.

ఈసారి అన్నీ కలిపి కొట్టారు. చీకటి, తడి గ్లవ్స్, ఫోను, బాత్రూం, పాప క్లాసు. నర్సు చెయ్యి పాత అలవాటు కొద్దీ మళ్ళీ నరం గొట్టం మీదికే పోయింది. తోసింది. వెళ్ళలేదు. తిప్పి తోసింది.

“వెళ్ళట్లేదండీ.”

“నొక్కు.”

“చెయ్యి నొప్పెడుతోంది. ఇది చస్తే దూరదు.”

ఎనిమిది దగ్గర ఆమె వేళ్ళు పక్క గొట్టాన్ని తడిమాయి. టక్కుమంది. లైటు వేసి చూస్తే పాలు ముక్కు గొట్టంలో మెల్లగా దిగుతున్నాయి.

ఇరవైసార్లు చేయించారు. ఒక్క ఇంటూ పడలేదు. చివరికి మేస్త్రే లాక్కుని మోకాలి కింద పెట్టి అదిమాడు. నరంలోకి దూరలేదు. ఆయన ఈల వేశాడు. పెద్దావిడ బొమ్మ మనిషి బుగ్గ గిల్లింది.

“సోమవారం నుంచి నువ్వు వార్డులోనే. మీ మేట్రన్‌కి ఫోన్ చేశా. మేస్త్రి చేసే కొత్త సిరంజిలతో పాటు నిన్నూ పంపుతున్నా,” అంది.

నర్సు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “మా ఆయనకి చూపించాలి. నా మార్కుల కాగితం ఇస్తారా అండీ?”

పెద్దావిడా మేస్త్రీ మొహమొహాలు చూసుకున్నారు. పొద్దున్నుంచి రాస్తున్న పుస్తకాన్ని పెద్దావిడ ఆమె ముందుకి జరిపింది. నర్సు రెండుసార్లు చదివింది. తన పేరు ఎక్కడా లేదు.

మూడుసార్లు ఫెయిలై, నాలుగోసారి పాసయింది సిరంజి.