అంగడి కాడ

“రేపు పొద్దుగాల అంగడి కాడ. ఎవ్వలకు చెప్పకు.”

తన భార్య ఓదెమ్మ దుప్పట్లమ్మేవాడి చెవిలో ఈ మాట చెప్పడం రాజీరు తలుపు చాటు నుంచి విన్నాడు.

అరవై దాటిన మనిషి! సకలజనుల సమ్మెలో మొగుళ్లపల్లి అట్టుడుకుతుంటే, ఈమె ఎక్కడినుంచో వచ్చిన వాడికి సర్వపిండి కాల్చి పెడుతోంది. తనకేమో పచ్చిపులుసు. మొన్న వాడు “అంగడికెళ్లి సబ్బు కొనుక్కొస్తానమ్మా” అంటే పడీపడీ నవ్వింది. ఆ నవ్వు రాజీరు కడుపులో ఇంకా మండుతూనే ఉంది.

తెల్లారి కర్ర పట్టుకొని ఆమె వెనకే నడిచాడు.

అంగడి జాగా దగ్గర ఊరంతా రోడ్డుకు అడ్డంగా కూర్చుంది. ఓదెమ్మ పోయి ముందు వరసలో కూర్చొని “జై తెలంగాణ” అని అరిచింది.

“ఏడే వాడు?” రాజీరు పళ్లు కొరికాడు.

“ఆ మఫ్టీ పోలీసా? దుప్పట్లమ్మెటోడు గసొంటి ఎర్ర బూట్లు తొడుగుతడా?”

“పోలీసా! మరి వానికి ధర్నా జాగ చెప్పినవేందే?”

“నేను అబద్ధమాడలే. మనకు అంగడంటే వారానికొక్కసారి కూడేది. వాని దిక్కు అంగడంటే దుకాణం. జీపులేసుకొని పొద్దటిసంది ఊరి ఆ కొసకు సబ్బుల దుకాణం ముంగట కాపలా ఉన్నడు.”

రాజీరు కర్ర పక్కన పెట్టి ఆమె పక్కనే కూలబడ్డాడు. అయినా కడుపుమంట చల్లారలేదు.

“గదంత మంచిగనే ఉంది. గా సర్వపిండి నాకెందుకు పెట్టలే?”

“నా ఎనుకపడెటోళ్లకే పెడుత,” అంది ఓదెమ్మ. “నువ్వు పడ్డది ఇయ్యాల్నే గద!”