గోడకు ఇవతల

సజ్జచేను మధ్యలో కజోడ్ గుర్జర్ శవం వెల్లకిలా పడి ఉంది. కుడి తొడ ఎముకదాకా చీలిపోయి ఉంది.

ఫారెస్టు గార్డు భరోసీలాల్ వచ్చేసరికే ఊరు ఊరంతా చేలో చేరింది. అంతమంది తొక్కిన బురదలో పులి అడుగులు వెతకడం దండగ. శవం తల దగ్గర కొడుకు హర్కేశ్ కూర్చున్నాడు. ఏడవడం లేదు. ఈగలు తోలుతున్నాడు.

"మనుబోతులు చేను మేసేస్తున్నాయని నాన్న రాత్రి కాపలాకి వచ్చాడు కాకా," అన్నాడు భరోసీలాల్ అడిగినదానికి, తలెత్తకుండా. "తెల్లారి వచ్చి చూస్తే ఇదీ..."

"వాణ్ణెందుకు అడుగుతావు? మీ ఝూమరీని అడుగు!" వెనకనుంచి ఎవరో అరిచారు. "ముద్దుపేరు పెట్టి మరీ పెంచుతున్నారుగా!"

"మా గేదెల్ని తిన్నది చాలక మనుషుల మీద పడింది," అంది ఓ ముసలమ్మ. "ఇంకేం మేపుతావు నాయనా దానికి? మమ్మల్నేనా?"

రణథంబోర్ కోట గోడల కింద తిరిగే ఆడపులి ఝూమరీ. దాని తల్లినీ భరోసీలాల్ ఎరుగును. ఇప్పుడు దాని వెంట రెండు పిల్లలు, ఇంకా వేట నేర్వనివి. అడవికీ ఊరికీ మధ్య ఉన్న గోడను అది ఒక్కనాడూ దాటలేదు.

రేంజర్ శెఖావత్ జీపు దిగాడు. శవాన్ని చూసి టోపీ తీశాడు.

"గోడ దాటొచ్చి మనిషిని చంపిన పులిని ఇక్కడ ఉంచే వీల్లేదు భరోసీ. మత్తుమందు వాళ్లు సాయంత్రానికి వస్తారు. బోను బయల్దేరింది."

"పిల్లలు సాబ్?"

"దొరికితే పట్టుకుంటారు."

"దొరకవు. తల్లి లేకపోతే ఆకలికి మాడి చస్తాయి." భరోసీలాల్ గొంతు తగ్గించాడు. "ఇతను ఇక్కడ చావలేదు సాబ్. అడవి లోపల గేదెల్ని దొంగతనంగా మేపుతుంటే పట్టుకుంది. లోపల చస్తే పరిహారం రాదు, పైగా కేసు, గేదెల జప్తు. అందుకని శవాన్ని గోడ దాటించేశారు."

రేంజర్ శవాన్ని కాస్త పక్కకు ఒరిగించి కింది నేల చూపించాడు. దుప్పటి పరిచినంత మేర మట్టి నల్లగా తడిసి ఉంది.

"చచ్చిన మనిషికి నెత్తురు ఇంతలా కారుతుందా? జీవితమంతా అడవిలో గడిపావు, నువ్వే చెప్పు."

భరోసీలాల్ వంగి ఆ తడి మట్టిని వేళ్లతో నలిపి చూశాడు.

"దాని మీద నీ ప్రేమ నాకు తెలుసు. ఊరివాళ్లు విషం పెట్టకముందే ఇక్కణ్ణించి పోవడం దానికే మంచిది."

శవాన్ని మంచం మీదికి ఎత్తారు. తలపాగా ఉంది, చెప్పులు ఉన్నాయి, జేబులో బీడీకట్ట ఉంది. గొడ్డలి లేదు. భుజాన పొడుగుపిడి గొడ్డలి లేకుండా ఇక్కడి గుర్జర్ చెంబు పట్టుకుని కూడా బయటికి వెళ్లడు. అలాంటివాడు రాత్రి కాపలాకి ఉత్త చేతులతో వస్తాడా?

"గొడ్డలేదిరా హర్కేశ్?"

"ఇంట్లో ఉంది."

"ఇంట్లో ఎక్కడుంది? నిన్న గేదెలతో పాటు..." అంటూ ముసుగులోంచి అందుకుంది కజోడ్ భార్య. కొడుకు చూపు తగిలి ఆగిపోయింది. ముసుగు గడ్డందాకా లాక్కుంది.

భరోసీలాల్ గోడెక్కి అడవిలోకి దిగాడు. భాద్రపద మాసపు ముసురు ఆకాశం గుట్టల మీదికి వంగి ఉంది. గేదెల కోసం నరికిన ఢోక్ చెట్ల కొమ్మల జాడ పట్టుకుని వాగు దాటాడు, గుట్టెక్కాడు. చాలాసేపు నడిచాక కోటగోడ కింద లోయ అంచున కనిపించింది గొడ్డలి. చుట్టూ గడ్డి నలిగి ఉంది. మెత్తటి నేలలో పెద్ద అడుగులు, వాటి పక్కనే చిన్నవి. ముసలాడు కొమ్మల కోసం వంగి సరాసరి పిల్లల మీదికే వెళ్లాడన్నమాట.

పైన కోటదారిలో నిన్నటినుంచీ గణేశుడి జాతర. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో ఒక్కో అక్షరం తెలుస్తూ వినిపిస్తున్నాయి. చెట్ల సందుల్లోంచి వైద్యశిబిరం తెల్లగుడారం, పక్కన అంబులెన్సు కనిపిస్తున్నాయి. ఇంతమంది ఇంత దగ్గర ఉండగా మనిషి దిక్కులేకుండా పోయాడే అనుకుంటూ భరోసీలాల్ గొడ్డలి తీసి భుజాన వేసుకున్నాడు.

అతను తిరిగి వచ్చేసరికి హర్కేశ్ ఒంటరిగా చితికి కట్టెలు పేరుస్తున్నాడు. భరోసీలాల్ గొడ్డలి అతని ముందు పెట్టాడు.

"చూడు బాబూ. నీ మీద నాకు కోపం లేదు. పోయినవాడికి అక్కడైతేనేం, ఇక్కడైతేనేం? కేసు లేకుండా నేను సాబ్ కాళ్లు పట్టుకుంటాను. ఉన్నదున్నట్టు ఒక్క మాట చెప్పు. ఆ తల్లీపిల్లలు బతుకుతాయి."

హర్కేశ్ గొడ్డలి పిడి నిమిరాడు.

"చెప్తే బోను వెనక్కి పోతుందా?"

"పోతుంది."

"నిన్న పొద్దుగూకే వేళ కాకా. అది మీద పడింది. నేను కేకలు పెడితే పిల్లల్ని తీసుకుని పోయింది. నాన్నని వీపున వేసుకున్నాను. గుట్ట దిగి, వాగు దాటి, గోడెక్కి... చేను చేరేసరికి అర్ధరాత్రి అయింది."

"అంత దూరం ఒక్కడివేనా! శవం బరువంటే మాటలా!"

హర్కేశ్ మొదటిసారి తలెత్తి అతని కళ్లలోకి చూశాడు.

"దారంతా నాన్న నీళ్లడుగుతూనే ఉన్నాడు కాకా."