లేని బంతి

లైటు వెలుగులో పూల్ బల్ల మీద, ఒక్కటే ఉండాల్సిన తెల్లబంతి కాక ఎర్రబంతిని ఆనుకుని రెండో తెల్లబంతిని చూసి ఎలక్ట్రీషియన్‌కు గుండె ఝల్లుమంది. చీకటి పడ్డాక క్లబ్బులో ఉన్నది తనూ, బావా మాత్రమే. ముట్టుకోబోతే చేతికేమీ తగలలేదు.

"ఎర్రబంతికి తగలాల్సిన చోట, లేని బంతి ఒకటి ఉన్నట్టు ఊహించుకోరా, తెల్లబంతిని అక్కడికి పంపు" అని బావ నెలంతా నెత్తీనోరూ బాదుకున్నాడు. ఆ చూపుతోనే ఆయన ఓటమన్నది ఎరగడు. ఇన్నాళ్లూ తనకే కనపడలేదు. రేపటి పోటీలో ఓడితే జట్టులో చోటు ఉండదు.

ఊపిరి బిగబట్టి కొట్టాడు. తెల్లబంతి ఆ రెండోదానిలోకి నిశ్శబ్దంగా ఒదిగింది. ఎర్రబంతి గుంటలో టక్కున పడింది.

"బావా! కనపడింది! నీ విద్యకు దణ్ణం!"

మూల కుర్చీలోంచి బావ లేవలేదు.

"అది నా చూపేరా బామ్మర్దీ. నీకు నేనే ఇచ్చేశాను. లైటు వేసే ఉందా?"