పాత పుస్తకం, కొత్త రాష్ట్రం

రాయపూర్, డిసెంబరు 2000

హెడ్మాస్టరు గారికి,

రాయపూర్ ఉన్న రాష్ట్రం పేరు రాయమంటే మా మనవరాలు సుగుణ పరీక్షలో ఛత్తీస్‌గఢ్ అని రాసింది. పరదేశి మాస్టారు తప్పు కొట్టారు. ఆయన ఇంటికెళ్లి నిలదీశాను.

"పుస్తకంలో మధ్యప్రదేశ్ అనే ఉంది మామ్మగారూ, నన్నేటి చెయ్యమంటారు?"

"రాష్ట్రం మారి నెల దాటింది. రిక్షావాడికి తెలిసింది నీకు తెల్దేటి, మొద్దూ?"

"నాకు తెలుసు. పుస్తకానికి తెల్దు."

ఆ ఒక్క మార్కు తక్కువై పిల్ల సోషల్ తప్పింది. తప్పినవాళ్లని పదో తరగతి పబ్లిక్ పరీక్షకి పంపరట. మార్కు వేయించండి.

మాస్టారిని మాత్రం పనిలోంచి తీయకండి. మీరూ తెలుగువారే గానీ, పిల్లలంతా హిందీలో చదివే మా పేటలో తెలుగు రాయడం ఆయన ఒక్కరికే వచ్చు. ఈ కార్డు ఆయనే రాశారు. నేను తిట్టింది కూడా వదలకుండా రాసి, చదివి వినిపించారు.

ఇట్లు, నా వేలిముద్ర.