అడ్డం వేసిన మండ

అడవిలో ముందు నడిచేవాళ్లు దారి చీలిక దగ్గర, తాము పోని తొవ్వకు పచ్చి మండ అడ్డం వేస్తారు, వెనక వచ్చేవాళ్లు తప్పిపోకుండా. ఇందల్వాయి పిల్ల అఖిలకు అది చిన్నప్పటి అలవాటు. నిజామాబాద్ నుంచి వచ్చిన స్నేహితురాలు షాజియాకు ఇవాళే నేర్పింది.

కొండమీది పాత కోట చూసేసరికి పొద్దుగూకింది. షాజియా ముందే దిగిందనుకుని, మండలు చూసుకుంటూ అఖిల లోయలోకి నడిచింది. రెండో మండ విరిగినచోట పసరు ఇంకా తడిగా ఉంది.

"ఆగవే అఖిలా!" షాజియా వెనక నుంచి రొప్పుతూ వచ్చింది. "ఫోటోలు దిగుతుంటే నన్ను ఇడిసిపెట్టి ఉరుకుతవా? నీ మండలు చూసుకుంట వచ్చిన."

"నేనెక్కడ ఏసిన? నువ్వే ఏసినవనుకున్న."

"యా అల్లా! మజాక్ చెయ్యకు."

కింద ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడైంది. కీచురాళ్లు ఆగిపోయాయి.

భయం ఉన్నా, వేసేదెవరో చూడాలన్న ఆశే అఖిలను నడిపించింది. ఆఖరి చీలిక వచ్చింది. ఎడమన ఊరి దీపాలు. మండ ఆ తొవ్వకే అడ్డంగా ఉంది.

"దాటుదాం పా, ఇల్లు గటే కదా," షాజియా చెయ్యి గుంజింది.

అఖిల కదల్లేదు. దీపాలనే చూస్తోంది. అవి మెల్లగా కొండెక్కి వస్తున్నాయి.