నలభై ఒక్క ఇష్టాలు

“చేసింది ఈ అమ్మాయే,” అన్నాడు కురువిళ, ఫసీల వైపు వేలు చూపిస్తూ. “చేరి నెల కూడా కాలేదు. ఏం కెలికిందో ఏమో.”

ఏలియమ్మ తడిసిన గొడుగును మీటింగ్ బల్ల మీదే పడేసింది. ముప్పై ఏళ్లుగా కోట్టయంలో పెళ్లి సంబంధాలు కుదురుస్తున్న మనిషి ఆవిడ. ఆవిడ వెబ్‌సైట్‌ని నడిపేది కాక్కనాడ్‌లోని ఈ ఆఫీసే. ఇప్పుడు ఆ సైట్‌లో ఒకరు ‘ఇష్టం’ అని నొక్కితే ఇంకొకరి పేరుతో వెళ్తోంది.

“నిన్న ఒక తల్లి నా ఎదుట కూర్చుని ఏడ్చింది,” అంది ఏలియమ్మ. “మా అమ్మాయి ముక్కూ మొహం తెలియని వాడికి ఇష్టమని ఎందుకు పంపుతుంది అని. నేనేం చెప్పను? ఇవాళ తేలకపోతే సైట్ మూసేస్తా. మీకూ నాకూ చెల్లు.”

“ఈ అమ్మాయిని రేపట్నుంచి మీ పనిలో ఉంచను మేడం,” అన్నాడు కురువిళ.

ఫసీలకి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కురువిళ పదిహేనేళ్ల అనుభవం ఉన్న పై అధికారి. అయినా లేచి నిలబడింది.

“తప్పు దొరికింది సార్. చూపిస్తాను. మీ ఇద్దరి ఫోన్లూ కావాలి.”

“ఫోన్లెందుకు? నేను వంద సార్లు నొక్కి చూశా. అంతా సరిగ్గానే ఉంది.”

“మీరు ఒక్కరే నొక్కారు సార్. ఇది ఇద్దరు నొక్కితేనే బయటపడుతుంది.”

ఏలియమ్మ చేత సారా అనే పరీక్ష ఖాతాలోకి, కురువిళ చేత అన్నా అనే మరో అమ్మాయి పేరుతో ఉన్న ఖాతాలోకి లాగిన్ చేయించింది.

“టెస్ట్ సర్వర్‌ని కాస్త నెమ్మది చేశాను. రద్దీలో రెప్పపాటులో జరిగేది ఇక్కడ కంటికి కనిపిస్తుంది. మేడం, మీరు తోమస్ అనే పరీక్ష ఖాతా ఫోటో కింద ‘ఇష్టం’ నొక్కండి. సార్, మేడం నొక్కగానే మీరు ఊరికే ఏదో ఒక పేజీ తెరవండి.”

ఇద్దరూ నొక్కారు. గోడ మీది తెర ఓ క్షణం ఆలోచించి అక్షరాలు చూపించింది: ‘తోమస్ గారూ, మీరంటే అన్నాకి ఇష్టం.’

“అయ్యో, నొక్కింది నేను కదా!” అంది ఏలియమ్మ.

“అన్నా ఏమీ నొక్కలేదే!” కురువిళ తన ఫోన్‌ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“ఇప్పుడు ఎవరు నొక్కారో గుర్తుపెట్టుకునే ఆబ్జెక్ట్ ఒకటుంది మేడం,” అంది ఫసీల. “ఒక పలకనుకోండి. ఎవరు ఏం నొక్కినా వాళ్ల కోసం కొత్త పలక పుట్టాలి, ఆ పని కాగానే పోవాలి. మన దగ్గర అది సింగిల్టన్ అయిపోయింది. సర్వర్ మొదలైనప్పుడు ఒక్కసారే పుట్టింది, ఊరందరికీ అదే పలక. మీరు సారా అని రాశారు. అది వెళ్లేలోపే సార్ దాన్ని తుడిచి అన్నా అని రాశారు.”

“మరి బాగుచెయ్యడానికి ఎన్నాళ్లు?”

“ఒక్క మాట మార్చాలి, అంతే.”

సింగిల్టన్ అన్నచోట స్కోప్డ్, అంటే ఎవరి పలక వాళ్లకే, అని కొట్టింది. సర్వర్ మళ్లీ లేచింది. ఇద్దరూ మళ్లీ నొక్కారు. సారా ఇష్టం సారా పేరుతోనే వెళ్లింది. ఐదోసారీ అంతే. పదోసారి ఏలియమ్మే “చాల్లే” అని నవ్వింది.

“ఇంతకీ ఆ మాట అక్కడ రాసిందెవరు?”

ఫసీల మార్పుల చరిత్ర తెరచి, కురువిళ చదువుకునేలా తెర కాస్త పక్కకి తిప్పింది. ఆ మాట రాసింది జూన్ రెండో తేదీన. ఫసీల చేరింది జూలై ఒకటిన.

కురువిళ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “నేనే,” అన్నాడు మెల్లగా. “ప్రతిసారీ కొత్తది పుట్టించడం దండగనుకున్నా. సైట్ వేగంగా నడుస్తుందని...” ఆమె వైపు తిరిగి, “ఫసీలా, నన్ను క్షమించు. నీ ఉద్యోగం ఖాయం చేయమని ఇప్పుడే రాస్తాను,” అన్నాడు.

“రాయకపోతే నా సైట్ మీ దగ్గర ఉండదు,” అంది ఏలియమ్మ. తర్వాత ఫసీలని కూతుర్ని పిలిచినట్టు పిలిచింది, “మోళే, ఇకమీదట నా పని నువ్వే చూడాలి.”

ఫసీలకి గాల్లో నడుస్తున్నట్టుంది. ఎవరో పళంపొరి అనే వేడి వేడి అరటిపండు బజ్జీలు, టీ తెచ్చిపెట్టారు. కానీ ఆమె ముందు తన కాగితం బయటికి తీసింది.

“జూన్ నుంచి ఇలా తారుమారైనవి నలభై ఒకటి మేడం. అన్నీ రద్దుచేసి, రెండువైపుల వాళ్లకీ క్షమాపణ ఉత్తరాలు పంపుదాం. మీరొకసారి చూస్తే పంపేస్తాను.”

“అదీ పద్ధతి. అందరికీ పంపు. ఒక్కరినీ వదలొద్దు.”

ఏలియమ్మ ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదువుతూ పోయింది. ఇరవై ఏడో వరస దగ్గర వేలు ఆగిపోయింది. ఆవిడ కుర్చీలో కూలబడింది.

“ఈ లిన్సి కూడా... తప్పేనా?”

“తప్పే మేడం. ఆ సెకనులో లిన్సి వచ్చింది తన ప్రొఫైల్ తీసేయడానికి. నొక్కింది వేరే ఆవిడ. ఆవిడకి ఈలోగా ఇంకోచోట పెళ్లయిపోయింది కూడా.”

ఏలియమ్మ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమోనని ఫసీల కంగారుగా మంచినీళ్లు అందించింది. ఆవిడ నవ్వుతోంది, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతోంది.

“నలభై ఇష్టాలే రద్దుచెయ్యి మోళే. లిన్సి నా కూతురు. పొరపాటున ఆ ఇష్టం అందుకున్న అబ్బాయితోనే దానికి ఆదివారం నిశ్చితార్థం!”